మా బడికి నీడ కావాలి, గాలికి ఎగిరిపోని నీడ: వరంగల్ జిల్లా అధికారులకు ఒక వెల్డర్ బహిరంగ లేఖ

గౌరవనీయులైన జిల్లా కలెక్టర్ గారికి, జిల్లా విద్యాశాఖాధికారి గారికి, పంచాయతీరాజ్ ఇంజినీరింగ్ అధికారులకు,

నమస్కారం.

మా ఊరి ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో 148 మంది పిల్లలు మధ్యాహ్న భోజనం ఎండలో కూర్చుని తింటున్నారు. వాన పడితే వరండాలో నిలబడి తింటున్నారు. ఈ సంగతి చెప్పుకోవడానికి ఏడాది లోపు మూడు సోమవారాలు కూలి వదులుకుని కలెక్టరేట్‌కు వచ్చాం. ప్రజావాణిలో మూడుసార్లు దరఖాస్తు ఇచ్చాం. మూడు రసీదులూ నా దగ్గర భద్రంగా ఉన్నాయి. జవాబు మాత్రం ఒక్కదానికీ రాలేదు. అందుకే ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాను.

నేను నర్సంపేట వైపు ఉండే మనిషిని. ఇరవై ఏళ్లుగా వెల్డింగ్ పని చేస్తున్నాను. గేట్లు, గ్రిల్స్, రేకుల షెడ్లే నా బతుకుదెరువు. మా పాప ఐదో తరగతి, బాబు మూడో తరగతి, ఇద్దరూ ఆ బడిలోనే చదువుతున్నారు. ఒక మాట ముందే చెబుతాను. ఈ షెడ్డు కాంట్రాక్టు నాకు వద్దు. నాకు వచ్చేలా ఏర్పాటు చేసినా తీసుకోను. నేను అడుగుతున్నది పని కాదు, పిల్లలకు నీడ.

మా బడి ఆవరణలో పెద్ద వేపచెట్టు ఉండేది. నా చిన్నప్పుడు ఇంటి నుంచి తెచ్చుకున్న సద్ది దాని కిందే తినేవాళ్లం. తర్వాత మధ్యాహ్న భోజనం వచ్చాక మా తర్వాతి పిల్లలూ ఆ నీడలోనే తిన్నారు. 2021 తర్వాత తెలంగాణ అంతటా వేపచెట్లకు ఎండు తెగులు పట్టిన సంగతి మీకు తెలుసు. మా చెట్టు కొసలు కూడా అలాగే ఎండుతూ వచ్చాయి. 2023లో ఒక పెద్ద కొమ్మ విరిగి పడింది. అది సెలవు రోజు కాబట్టి ఎవరికీ ఏం కాలేదు. పిల్లల మీద పడుతుందన్న భయంతో చెట్టును కొట్టేయక తప్పలేదు. ఆ రోజు నుంచి మా బడికి నీడ లేదు.

2024 చివర్లో మా ఊరి నుంచి వెళ్లి స్థిరపడిన ఒక దాత ముందుకొచ్చారు. తండ్రి జ్ఞాపకంగా బడికి రేకుల షెడ్డు వేయించారు. పొడవు 40 అడుగులు, వెడల్పు 20 అడుగులు, 8 స్తంభాలు. ఆయన మనసు చాలా మంచిది, ఈ రోజుకూ ఆయన మీద మాకు గౌరవమే. కానీ ఆ షెడ్డుకు డ్రాయింగ్ లేదు. ఏ ఇంజినీరూ వచ్చి చూడలేదు. గుంతలు తవ్వేటప్పుడు నేను అక్కడే ఉన్నాను. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగున్నర లోతు. "ఇంకో మూడడుగులు దించన్నా" అన్నాను. "షెడ్డే కదా తమ్మీ, బిల్డింగా ఏంది" అన్నాడు మేస్త్రి. ఆ రోజు ఇంకా గట్టిగా మాట్లాడి పని ఆపించాల్సింది. ఆపించలేకపోయాను, ఆ బాధ నన్ను ఇప్పటికీ వదల్లేదు.

2025 ఏప్రిల్‌లో ఒక ఆదివారం సాయంత్రం గాలి దుమారం లేచింది. పది నిమిషాల్లో షెడ్డు పైకప్పు లేచిపోయింది. మూడు స్తంభాలు పునాది దిమ్మెలతో సహా పైకి వచ్చాయి. రేకులు ప్రహరీ గోడ దాటి, రోడ్డు దాటి, అవతల మిర్చి ఆరబోసిన కల్లంలో పడ్డాయి. అక్కడ కాయలు ఏరుతున్న ఒక అవ్వ పక్కనే ఒక రేకు వచ్చి నేలలో దిగబడింది. ఆమె బతికింది. అదే సోమవారం మధ్యాహ్నం అయి ఉంటే ఆ కప్పు కింద 148 మంది పిల్లలు ఉండేవాళ్లు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ చెయ్యి వణుకుతుంది.

అది ఎందుకు ఎగిరిందో కాస్త వివరంగా చెప్పనివ్వండి. అధికారులకు తెలియదని కాదు. తల్లిదండ్రులకు, దాతలకు కూడా తెలియాలని చెబుతున్నాను. నాలుగు పక్కలా గోడలున్న గదికీ, నాలుగు పక్కలా తెరిచి ఉన్న షెడ్డుకూ గాలి దగ్గర చాలా తేడా ఉంది. తెరిచిన షెడ్డులో గాలి కింద నుంచి దూరి రేకును పైకి నెడుతుంది, పైనుంచి పోయే గాలి అదే రేకును పైకి లాగుతుంది. అంటే షెడ్డు కూలిపోకుండా చూడటం ఎంత ముఖ్యమో, లేచిపోకుండా చూడటం అంతకంటే ముఖ్యం. మన దేశంలో దీనికి ఐఎస్ 875 మూడో భాగం అని ఒక ప్రమాణం ఉంది. అందులో గాలి ఒత్తిడి లెక్క సులువే. సెకనుకు ఎన్ని మీటర్ల వేగమో ఆ అంకెను దానితోనే హెచ్చించి, 0.6తో గుణించాలి. గంటకు 72 కిలోమీటర్ల గాలి అంటే సెకనుకు 20 మీటర్లు. ఎండాకాలం దుమారంలో అది వింత వేగమేమీ కాదు. లెక్క వేస్తే చదరపు మీటరుకు 240 న్యూటన్లు వస్తుంది, అంటే సుమారు 24 కిలోల ఒత్తిడి. మనం వేసే రేకు బరువు చదరపు మీటరుకు నాలుగైదు కిలోలే.

మా షెడ్డు 74 చదరపు మీటర్లు. అంటే ఆ గాలికి పైకి లేపే బలం సుమారు 1,800 కిలోలు. కిందికి పట్టి ఉంచే బరువు ఎంత? ఒక్కో గుంతలో కాంక్రీటు 100 కిలోలకు కాస్త ఎక్కువ, 8 గుంతలకు 800 పైచిలుకు. ఇనుము, రేకులు కలిపి నా అంచనాలో ఇంకో 900. మొత్తం 1,700. ఆ షెడ్డు నిలబడే అవకాశం మొదటి నుంచీ లేదు. ఇదే ప్రమాణం హైదరాబాద్‌కు లెక్కలోకి తీసుకోమన్న గాలి వేగం సెకనుకు 44 మీటర్లు. ఆ వేగానికి చదరపు మీటరుకు దాదాపు 118 కిలోలు వస్తుంది. ఎత్తు, ఆకారం, చుట్టుపక్కల పరిస్థితి చూసి ఇంజినీర్లు ఈ అంకెను సవరిస్తారు. కానీ ఆ లెక్క ఒకరు కూర్చుని వేయాలి కదా. మా షెడ్డుకు ఆ లెక్క ఎవరూ వేయలేదు.

తర్వాత మేం తిరిగిన తిరుగుడు చెబుతాను. ఒక ఆఫీసులో, ఇది దాత వేసిన షెడ్డు, మా ఆస్తుల రిజిస్టర్‌లో లేదు, రిపేరుకు డబ్బులు ఇవ్వలేం అన్నారు. ఇంకో ఆఫీసులో, నిధులు ఏ పద్దు కిందో చెబితేనే ఎస్టిమేట్ వేస్తాం అన్నారు. నిధుల కోసం పోతే ఎస్టిమేట్ తెమ్మన్నారు. ఆ ఏడాది పంచాయతీలో అడుగుదామన్నా సర్పంచ్ లేరు, 2024 ఫిబ్రవరి నుంచి ప్రత్యేక అధికారుల పాలన. 2025 డిసెంబర్ ఎన్నికల తర్వాత కొత్త సర్పంచ్ వచ్చారు, మాతో పాటు తిరుగుతున్నారు కూడా. ఎవరూ మమ్మల్ని కసురుకోలేదు, అందరూ కూర్చోబెట్టి మాట్లాడారు. కానీ ఫైలు ఎవరిదో తేలలేదు. దాత డబ్బు తీసుకోవడానికి అనుమతి ఉంది, ఆ కట్టడం బాధ్యత తీసుకోవడానికి మాత్రం ఏ శాఖా లేదు. మా కష్టం అసలు ఇక్కడే ఉంది.

దీనివల్ల మా బడిలో రోజూ ఏం జరుగుతోందో చెబుతాను.

1. ఎండ. మార్చి 15 నుంచి ఒంటిపూట బడులు. ఉదయం 8 గంటలకు మొదలై మధ్యాహ్నం 12:30కు అయిపోతాయి. భోజనం ఆ తర్వాతే. మన ప్రాంతం 18 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. ఏప్రిల్‌లో ఆ వేళకు సూర్యుడు దాదాపు నడినెత్తి మీద ఉంటాడు. గోడ నీడ గోడ మొదట్లోనే ఆగిపోతుంది. "వరండా పక్కన కూర్చోబెట్టండి" అని ఒక అధికారి సలహా ఇచ్చారు. వారు ఒక్కసారి ఏప్రిల్‌లో 12:30కు వచ్చి చూస్తే అక్కడ జానెడు నీడ కూడా లేదని తెలుస్తుంది. స్టీలు ప్లేటు పట్టుకుంటే వేళ్లు కాలుతున్నాయని మా బాబు చొక్కా కొసతో పట్టుకుని తింటున్నాడు. సగం మంది అన్నం వదిలేసి ఇంటికి పరుగెత్తుతున్నారు. తల్లిదండ్రులు పత్తి చేనుకో మిర్చి ఏరడానికో పోయి ఉంటారు కాబట్టి ఇంట్లో అన్నం పెట్టేవాళ్లు ఉండరు.

2. వాన. మా వరండా వెడల్పు ఐదడుగులు. అందులో అరవై మంది కూర్చోగలరు. మిగిలినవాళ్లు నిలబడి తింటారు, లేదా తరగతి గదుల్లో తింటారు. గదిలో తింటే నేలంతా సాంబారు, చీమలు. మధ్యాహ్నం మొదటి పీరియడు ఊడ్చుకోవడానికే సరిపోతుంది. 2023 జూలైలో పక్క ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. మన దగ్గర వాన ఎలా పడుతుందో కొత్తగా చెప్పాల్సిన పని లేదు.

3. వంట చేసే అక్కలు. వంటగది ఒక మూలన, తరగతి గదులు ఇంకో మూలన. మసిలే పప్పు గిన్నెను ఇద్దరు ఆడవాళ్లు చెరో పక్క పట్టుకుని బురదలో నలభై అడుగులు నడుస్తారు. పోయిన వానాకాలం ఒక అక్క జారిపడింది. పాదం మీద కాలిన మచ్చ ఇంకా ఉంది.

4. కోతులు. బయటివాళ్లకు ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు, మన జిల్లా ఊళ్లలో ఉండేవాళ్లకు తెలుసు. వారానికి మూడు రోజులు గుడ్డు పెడతారు. ఆ మూడు రోజులూ కోతుల మంద ప్రహరీ మీద కాచుకుని కూర్చుంటుంది. చిన్న తరగతుల పిల్లలు గుడ్డును గుప్పిట్లో దాచుకుని, మూలకు తిరిగి, నమలకుండా మింగుతున్నారు.

5. మిగిలిపోయిన స్తంభాలు. షెడ్డు పోయి పది నెలలు కావస్తోంది. వంగిన ఐదు స్తంభాలు, నేల మీదికి తేలిన బోల్టులు ఇంకా అలాగే ఉన్నాయి. రిజిస్టర్‌లో లేని వస్తువును తీసేయడానికి కూడా ఉత్తర్వు కావాలట. దాగుడుమూతలు ఆడుతూ రెండో తరగతి అమ్మాయి ఒకటి ఆ స్తంభానికి గుద్దుకుంది. నుదుటి మీద మూడు కుట్లు పడ్డాయి.

6. పిల్లలు వెళ్లిపోవడం. మా వాడలో రెండు కుటుంబాలు ఈ ఏడాది పిల్లలను ప్రైవేటు బస్సు ఎక్కించాయి. అడిగితే చదువు గురించి చెప్పలేదు, "అక్కడ నీడన కూసొని తింటరు" అన్నారు. ఆ ఫీజుకు ఒకాయన మిర్చి పంట మీద అప్పు తీసుకున్నాడు. మా టీచర్లు బాగా చెబుతారు. వాళ్ల కష్టం ఇలా పోతుంటే చూడలేకపోతున్నాం.

ఇక నియమాల సంగతి. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులో అన్ని కాలాలకూ పనికొచ్చే భవనం ఉండాలన్నారు, వంటగది, మంచినీళ్లు, మరుగుదొడ్లు, ఆటస్థలం, ప్రహరీ అన్నారు. వండే చోటు రాశారు గానీ తినే చోటు రాయలేదు. 2022లో మొదలైన మన ఊరు – మన బడి పథకంలో 12 రకాల పనులు ఉండేవి. భోజనశాల అందులో ఉండేది, కానీ ఉన్నత పాఠశాలలకే. పదిహేనేళ్ల పిల్లలకు కప్పు కావాలన్నారు, మంచిదే. మరి ఆరేళ్ల పిల్లలకు వద్దా? 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ ద్వారా మా బడిలో కరెంటు, నీళ్లు బాగుపడ్డాయి, అందుకు కృతజ్ఞతలు. సమగ్ర శిక్ష పథకం కింద 101 నుంచి 250 మంది పిల్లలున్న బడికి ఏడాదికి వచ్చే గ్రాంటు 50 వేలు. సుద్దముక్కల నుంచి చిల్లర రిపేర్ల దాకా అన్నీ అందులోనే. దాన్ని షెడ్డుకు వాడమనడం న్యాయం కాదు.

2024 మే 13న లోక్‌సభ పోలింగ్ మా బడిలోనే జరిగింది. ఓటర్లకు ఎండ తగలకూడదని ముందు రోజే షామియానా వేశారు, మంచినీళ్లు పెట్టారు. మా అమ్మ ఆ నీడలో నిలబడే ఓటు వేసింది. ఆ ఏర్పాటు చూసి చాలా సంతోషించాం. తెల్లారేసరికి విప్పుకుపోయారు. పెద్దవాళ్లు ఒక్క రోజు అరగంట నిలబడటానికి నీడ అవసరమని ప్రభుత్వానికి తెలిసినప్పుడు, పిల్లలు ఏటా అదే చోట అదే ఎండలో కూర్చోవడం గురించి కూడా తెలియాలి.

"తాత్కాలికంగా తాటాకు పందిరి వేసుకోండి" అని ఒకరు అన్నారు. పల్లెలో పెళ్లికి వేసినట్టు తడకలు వేయడం మాకూ వచ్చు. కానీ పక్కనే వంటగది ఉంది. 2004 జూలై 16న తమిళనాడు కుంభకోణంలో బడి వంటశాల దగ్గర పూరికప్పు అంటుకుని 94 మంది పిల్లలు కాలిపోయారు. ఆ కేసు తర్వాతే సుప్రీంకోర్టు 2009లో బడుల అగ్నిభద్రత మీద ఆదేశాలిచ్చింది. తాటాకు వద్దు, పొయ్యి పక్కన పచ్చ నెట్టు కూడా వద్దు. సిమెంటు రేకులు అంటే ఆస్బెస్టాస్ అసలే వద్దు. ఆ పీచు ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పైగా రాళ్ల వానకు పగులుతాయి, కోతులు దూకినా పగులుతాయి. 2023 మార్చిలో వడగండ్లకు మన పంటలు ఎలా నేలమట్టమయ్యాయో, ముఖ్యమంత్రి స్వయంగా వచ్చి ఎకరానికి 10 వేలు ప్రకటించాల్సి వచ్చిందో గుర్తు చేసుకోండి. అలాంటి రాళ్లు ఈ రేకుల మీద కూడా పడతాయి.

మరి ఎలాంటి షెడ్డు కావాలి? నా అనుభవంతో చెబుతాను, తుది లెక్క మాత్రం ఇంజినీరు గారిదే.

పిల్లలు వరుసల్లో కూర్చోవడానికి, మధ్యలో వడ్డించేవాళ్లు తిరగడానికి 60 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు సరిపోతుంది. రెండు పక్కలా ఐదేసి చొప్పున 10 స్తంభాలు. మా బడి నేల పైన నల్లరేగడి. అది వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. పైపైన పునాది వేస్తే దాన్ని ఏడాదికోసారి ఊపుతూనే ఉంటుంది. కాబట్టి మొరం తగిలే దాకా దించాలి. ఒక్కో గుంత నాలుగడుగుల చదరం, నాలుగున్నర అడుగుల లోతు, అడుగున అడుగున్నర మందం కాంక్రీటు ఉంటే ఆ దిమ్మే 1,600 కిలోలు తూగుతుంది. దాని మీద మట్టి పొరలు పొరలుగా దిమ్మిస కొట్టి నింపితే ఆ బరువు కూడా కలుస్తుంది. గాలి లేపాలంటే ఇదంతా లేపాలి.

స్తంభాలు గుండ్రటి పైపులు కావాలి, అంచులున్న యాంగిల్స్ వద్దు. బేస్ ప్లేటు, బోల్టులు నేల మట్టానికి కింద ఉండాలి, పిల్లల కాళ్లకు తగలకూడదు. స్తంభాల మధ్య క్రాస్ బ్రేసింగ్, అంటే ఏటవాలుగా బిగించే కడ్డీలు తప్పనిసరి, డబ్బులు తగ్గించుకోవడానికి మొదట ఎగ్గొట్టేది దాన్నే. రేకులు అర మిల్లీమీటరు మందం, తెలుపు లేదా లేత రంగు. గాలి ముందు పట్టుకునేది అంచులను, మూలలను. అక్కడ స్క్రూలు దగ్గర దగ్గరగా, రబ్బరు వాషర్లతో వేయాలి. ఎత్తు విషయంలో పీనాసితనం వద్దు. తొమ్మిదడుగుల ఎత్తులో రేకు వేస్తే ఆ వేడి తల మీద కుంపటి పెట్టినట్టే ఉంటుంది. తక్కువ వైపు కనీసం 12 అడుగులు ఉండాలి, రేకు కింద వేడిని ఆపే పొర కూడా వేస్తే మంచిది. వాలు అడుగుకు రెండు అంగుళాలు.

నీళ్ల సంగతి మరిచిపోవద్దు. ఇంత కప్పు మీద 25 మిల్లీమీటర్ల వాన పడితే 4,000 లీటర్లకు పైగా నీళ్లు దిగుతాయి. గట్టర్ లేకపోతే అవన్నీ వంటగది గుమ్మంలోకే పోతాయి. గట్టర్ పెట్టి ఇంకుడు గుంతకు మళ్లిస్తే బడి బోరుకు కూడా మేలు. నేల గరుకుగా ఉండాలి, నున్నటి బండలు పరిస్తే తడి కాళ్లతో జారిపడతారు. ఫ్యాన్లు, లైట్లు పెడితే ఎర్తింగ్, కరెంటు లీకైతే ఆపేసే బ్రేకర్ కచ్చితంగా ఉండాలి, అది ఇనుప షెడ్డు. ప్రహరీ పక్క నుంచి 11 కేవీ లైన్ పోతోంది. స్థలం గుర్తించే రోజే విద్యుత్ శాఖ లైన్‌మన్‌ను పిలిచి దూరం కొలిపించాలి. పని మొదలయ్యాక పొడవాటి పైపు ఎత్తేటప్పుడు గుర్తుకొస్తే లాభం లేదు. వంటగది వైపు జాలి కట్టిస్తే కోతుల బాధ కూడా కొంత తగ్గుతుంది. జాలిలోంచి గాలి పోతుంది కాబట్టి షెడ్డుకు అంత భారం కాదు.

పునాది, నేల, కరెంటు అన్నీ కలిపి నా అంచనాలో 8 నుంచి 10 లక్షలు అవుతుంది. ఎంపీ గారికి స్థానిక అభివృద్ధి నిధి ఏడాదికి 5 కోట్లు ఉంది, ఎమ్మెల్యే గారికీ నియోజకవర్గ నిధి ఉంది. మీరు ప్రతిపాదన పంపితే వారు కాదనరని మా నమ్మకం.

దాతలకు ఒక విన్నపం. మీరు బడికి ఇచ్చే ప్రతి రూపాయికీ మేం రుణపడి ఉంటాం. కానీ పేరు పలక మీద డబ్బు తగ్గించి పునాది మీద పెట్టండి. ఇంజినీరు సంతకం ఉన్న డ్రాయింగ్ చూపించాకే అడ్వాన్సు ఇవ్వండి. నా తోటి వెల్డర్లకు కూడా చెబుతున్నాను. అన్నా, చదరపు అడుగుకు ఇరవై రూపాయలు తగ్గించి పని పట్టుకుంటే ఆ ఇరవై గుంత లోతులోంచి పోతుందని మనకు తెలుసు. కోళ్ల షెడ్డుకు చెప్పే రేటు బడికి చెప్పకండి. పని ఇచ్చేవాళ్లు ఒప్పుకోకపోతే ఆ పని వదిలేయండి.

అధికారులను మేం కోరుతున్నవి ఇవి.

1. వంగిన స్తంభాలు, తేలిన బోల్టులు ఈ వారంలోనే తీయించండి. దీనికి నిధులు అక్కర్లేదు, ఒక్క ఉత్తర్వు చాలు. కోసే మిషను, మనిషి ఖర్చు నేను పెట్టుకుంటాను.

2. మార్చి 15 లోపు తాత్కాలికంగా టెంటు వేయించండి. పోలింగ్ రోజు వేసినట్టే, వంటగదికి దూరంగా. ఏప్రిల్ 23 దాకా, అంటే చివరి పనిదినం దాకా ఉంచండి. గాలి వస్తే దించడానికి ఊళ్లో మనుషులం ఉన్నాం.

3. మార్చి నెలలోపు ఇంజినీరును పంపి స్థలం చూపించి, మట్టి పరీక్ష చేయించి, గాలి లెక్కతో డ్రాయింగ్, ఎస్టిమేట్ తయారు చేయించండి. కబడ్డీ ఆడే జాగా పోకుండా స్థలం ఎంచాలి. స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలని చట్టం చెబుతోంది, బడి అభివృద్ధి ప్రణాళిక రాయాల్సిందీ ఆ కమిటీయే. స్థలం గుర్తించేటప్పుడు వాళ్లను కూర్చోబెట్టండి. వంట చేసే అక్కలను కూడా అడగండి, గిన్నె మోసేది వాళ్లే.

4. పని వేసవి సెలవుల్లోనే కావాలి. ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా 49 రోజులు ఉన్నాయి. మొదటి వారం గుంతలు, కాంక్రీటు. తర్వాత రెండు వారాలు తడి గోనెపట్టాలు కప్పి నీళ్లు కొట్టాలి. మే ఎండలో క్యూరింగ్ తప్పితే కాంక్రీటు పొడి అవుతుంది. ఆలోపు ట్రస్సులు, అంటే కప్పును మోసే ఇనుప చట్రాలు షాపులో తయారవుతాయి. నాలుగు, ఐదో వారాల్లో నిలబెట్టి రేకులు వేయొచ్చు. ఆరో వారం రంగులు, కరెంటు, తనిఖీ. మిగిలేది ఒక్క వారమే, దాన్ని కూడా వృథా చేయడానికి లేదు. జూన్‌లో మొదలుపెడితే వానల్లో గుంతలు నిండుతాయి, పిల్లలు ఆ గుంతల మధ్య తిరుగుతారు.

5. గుంత లోతు, ఇనుము కొలతలు కాంక్రీటు పోయకముందే కొలిచి ఎంబీలో, అంటే ఇంజినీర్ల కొలతల పుస్తకంలో రాయాలి. ఫొటోలు తీసి బడి నోటీసు బోర్డు మీద పెట్టాలి. పోసిన తర్వాత లోపల ఏముందో ఎవరూ చూడలేరు.

6. షెడ్డును బడి ఆస్తుల రిజిస్టర్‌లో ఎక్కించండి. ఏటా మార్చి మొదట్లో, గాలి దుమారాలకు ముందు, బోల్టులు, స్క్రూలు, తుప్పు తనిఖీ చేసే బాధ్యత ఏ అధికారిదో పేరుతో కాదు, హోదాతో రాసి పెట్టండి. మనిషి బదిలీ అయినా బాధ్యత అక్కడే ఉండాలి.

7. మా ఒక్క బడి కోసమే అడగడం లేదు. ఉమ్మడి వరంగల్ జిల్లాలో దాతలు, యువజన సంఘాలు వేసిన షెడ్లు ఎన్నో ఉన్నాయి. రాజస్థాన్ ఝలావర్ జిల్లాలో 2025 జూలై 25న బడి పైకప్పు కూలి ఏడుగురు పిల్లలు చనిపోయారు. మన షెడ్లన్నీ ఒకసారి ఇంజినీర్లతో చూపించండి. ఇకముందు దాతల షెడ్డు ఏదైనా సరే, డ్రాయింగ్ ఆమోదం లేకుండా గుంత తవ్వకూడదని ఉత్తర్వు ఇవ్వండి. అనుమతి పదిహేను రోజుల్లో ఇచ్చేలా చూడండి, లేకపోతే దాతలు విసిగి వెనక్కి పోతారు.

8. మా మూడు దరఖాస్తులకు రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. కుదరదంటే కుదరదనే రాయండి, ఏ కారణంతో కుదరదో రాయండి. అప్పుడు ఎవరి దగ్గరికి పోవాలో మాకు తెలుస్తుంది.

షెడ్డుతో పాటు ఆవరణలో పడమటి వైపు రెండు కానుగ మొక్కలు, ఒక చింత మొక్క ఈ జూన్‌లో పెడతాం. వాటికి నీళ్లు పోసే పని తల్లిదండ్రులదే. అవి నీడనిచ్చేసరికి మా పిల్లలు ఆ బడిలో ఉండరు, అయినా పెడతాం.

మార్చి 15 ఆదివారం, ఒంటిపూట బడి మొదటి రోజు సోమవారం అవుతుంది. ఆ రోజు తల్లిదండ్రులం అందరం 12:30కు బడిలోనే ఉంటాం, పిల్లల పక్కన ఎండలోనే కూర్చుంటాం. ధర్నా కాదు, నినాదాలు ఉండవు. కలెక్టర్ గారు, డీఈఓ గారు ఆ వేళకు ఒక్కసారి వచ్చి మాతో పాటు భోజనం చేయమని కోరుతున్నాం. ఇంజినీరు గారు టేపు తీసుకుని రండి. సున్నం సంచి నేను తెస్తాను, మీరు చూపించిన చోట ఆ పూటే ముగ్గు పోద్దాం.

ఇట్లు,
ఇద్దరు పిల్లల తండ్రి, వెల్డర్,
నర్సంపేట ప్రాంతం, వరంగల్ జిల్లా